రెండో మోతాదు

“గుమ్మం అవతలే ఆగు రాజూ. లోపలికి రావద్దు,” అంది షీబా.

ఒక చెప్పు విడిచి రెండోది విడవబోతున్న రాజ్‌కుమార్ అలాగే నిలబడిపోయాడు. ఆటో దిగి వెనకాలే వస్తున్న తల్లి వెంకాయమ్మ ఆ మాట విని మెట్టు దగ్గరే ఆగింది. ఇన్నేళ్ల కాపురంలో పెద్ద కోడలు మరిదిని “తిన్నావా” అని అడగకుండా గుమ్మంలో నిలబెట్టడం ఆవిడ ఎన్నడూ చూడలేదు.

“అన్నయ్యని ఒక్కసారి చూసి వెళ్లిపోతాను వదినా.”

“ఏం చూస్తావు? నువ్వు చేసిన పని ఎంతవరకు వచ్చిందో చూసి దాన్ని కూడా ఛానల్లో వేస్తావా?”

“వీధిలో వద్దమ్మా షీబా,” అంది వెంకాయమ్మ. “రైల్వే క్వార్టర్లు. ఇక్కడ దగ్గితే పక్కింట్లో వినపడుతుంది.”

“విననివ్వండి అత్తయ్యా. వారం నుంచి జిల్లా అంతా వింటూనే ఉందిగా.”

జిల్లా అంతా విన్నది రాజ్‌కుమార్ గొంతునే. బందరులో చిన్న గది అద్దెకు తీసుకుని అతను నడిపే యూట్యూబ్ వార్తల ఛానల్లో ‘ప్రజల సొమ్ముతో మత్తు ప్రయోగాలు’ అని ఒక కథనం వచ్చింది. అక్కణ్ణుంచి పెద్ద టీవీలకెక్కింది. టై కట్టుకున్నవాళ్లు కూర్చుని అరుచుకున్నారు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు, మత్తు అనే శోధన నుంచి ప్రభుత్వాన్ని కాపాడమని ప్రార్థన చేశారు. చివరికి ప్రభుత్వం ఆ పరిశోధనకిస్తున్న నిధులు ఆపేసింది.

విశాఖపట్నంలో జరుగుతున్న పరిశోధన అది. కళ్లెదుట ఘోరం జరిగి, ఆ దెబ్బ నుంచి ఏళ్ల తరబడి తేరుకోలేనివాళ్లకి, ఒక రకం పుట్టగొడుగుల నుంచి తీసిన మందు ఇచ్చి, డాక్టర్లు రోజంతా పక్కనే కూర్చుంటారు. మందు రెండుసార్లు ఇవ్వాలి. మధ్యలో మాట్లాడించాలి, ఏడిస్తే ఏడవనివ్వాలి. అక్కడికి వెళ్లినవాళ్లలో షీబా భర్త శామ్యూల్ రాజ్ ఒకడు. మొదటి మోతాదు అయింది. రెండోది వచ్చే వారం ఇవ్వాల్సింది.

ఆ సంగతి నిన్నటిదాకా రాజ్‌కుమార్‌కి తెలియదు. ఎవరికీ తెలియదు. నడుం నొప్పికి విశాఖ వెళ్తున్నామని షీబా అత్తగారికి కూడా అబద్ధమే చెప్పింది. నిన్న ఉండబట్టలేక మరిదికి ఫోన్ చేసి అరిచింది. అప్పుడు బయటపడింది.

“నాకు తెలియదు వదినా. ఒట్టు. తెలిసుంటే...”

“తెలిసుంటే? వెయ్యకుండా ఉండేవాడివా?”

అవునని అనడానికి రాజ్‌కుమార్ నోరు తెరిచాడు. మాట రాలేదు. అబద్ధం ఆడలేని ఆ గుణం షీబాకి ఎప్పుడూ ఇష్టమే. ఇవాళ మాత్రం ఒళ్లు మండింది.

“చెప్పవేం?”

“దివిసీమలో ఆ పిల్లని నువ్వు చూళ్లేదు వదినా,” అన్నాడు రాజ్‌కుమార్, గొంతు తగ్గించి. “చేలగట్టు మీద పాము కరిచింది. దగ్గరున్న ఆస్పత్రిలో విరుగుడు ఇంజక్షన్ లేదు. ఆటోలో వేసుకుని బందరు తెస్తుంటే పులిగడ్డ దగ్గర ప్రాణం పోయింది. ఆ తండ్రి పిల్లని ఒళ్లో పెట్టుకునే నన్నడిగాడు. మా ఊళ్లో సూదిమందుకి డబ్బుల్లేవంట, మరి గవర్నమెంటు డబ్బంతా ఎటు పోతోంది బాబూ అని. ఆయనకి ఏం చెప్పను? ఆ మాట పట్టుకుని తవ్వాను. తవ్వితే పుట్టగొడుగుల మందుకి కోట్లు అని కనపడింది. నువ్వయితే ఊరుకుంటావా?”

షీబా కూడా ఆ కథనం చూసింది. ఆ తండ్రి ముఖం చూసి తనూ ఏడ్చింది. ఆ తర్వాతే, రెండో సగంలో, విశాఖ భవనం కనపడగానే చేతిలో ఫోను పడేసుకుంది.

“అడగడం తప్పనలేదు రాజూ. అక్కడికి వెళ్లినవాళ్లు ఏ బాధ పడలేక వెళ్లారో ఒక్కరినైనా అడిగావా? మత్తు అని ఒక్క ముక్కలో తేల్చేశావు.”

“అడిగాను. మాట్లాడం అన్నారు అందరూ.”

“ఎలా మాట్లాడతారు? పిచ్చోళ్లనీ తాగుబోతులనీ జనం అంటారని తెలిసి ఎలా మాట్లాడతారు?”

అంతలో గుడివాడ స్టేషను వైపు నుంచి భీమవరం పాసింజరు హారన్ వినిపించింది. పొడుగ్గా, ఆగకుండా.

లోపలి గదిలో ఏదో పడ్డ చప్పుడైంది. స్టీలు గ్లాసు. అది దొర్లి దొర్లి గోడకి తగిలి ఆగేదాకా గుమ్మంలో ఉన్న ముగ్గురూ కదల్లేదు.

“అయ్యో నాయనా,” అంటూ వెంకాయమ్మ కోడల్ని దాటుకుని లోపలికి వెళ్లింది. రాజ్‌కుమార్ వైపు చూడకుండా షీబా పక్కకి తప్పుకుంది. అతను రెండో చెప్పు విడిచాడు.

* * *

శామ్యూల్ రాజ్ మంచానికీ బీరువాకీ మధ్య సందులో నేల మీద కూర్చుని ఉన్నాడు. కిటికీకి దుప్పటి కట్టి ఉంది. చేతులు రెండూ ముందుకు చాపి, లేని బ్రేకు పిడి పట్టుకున్నట్టు బిగించి ఉన్నాడు. హారన్ ఆగిపోయి చాలాసేపైనా ఆ వేళ్లు విడలేదు.

తల్లి పక్కన చతికిలబడి ఆ వేళ్లు ఒక్కొక్కటీ విప్పసాగింది.

“ఏం చేశారయ్యా నిన్ను? ఏం మందు పెట్టారయ్యా నీకు?”

“మందు వల్ల కాదత్తయ్యా,” అంది షీబా. “మందు ఆగిపోవడం వల్ల.”

ఎలా చెబితే ఆవిడకి అర్థమవుతుందో షీబాకి తెలియలేదు. శామ్యూల్ రాజ్ లోకో పైలట్. గుడివాడ నుంచి బందరు లైన్లో, భీమవరం లైన్లో కళ్లు మూసుకుని బండి నడపగలడని తోటివాళ్లు అనేవారు. పోయిన ఏడాది చలికాలం, వడ్లమన్నాడు దాటాక, పొగమంచులో ఒక తల్లీ బిడ్డా అతని బండి కింద పడి చనిపోయారు. ఎంక్వైరీలో అతని తప్పేమీ లేదని తేల్చారు. పైవాళ్లు భుజం తట్టారు. మళ్లీ డ్యూటీ ఎక్కాడు. పెడన గేటు దగ్గర ఎవరూ లేని పట్టాల మీద బ్రేకు వేసి బండి ఆపేశాడు. అలా రెండోసారి కూడా ఆపాక అతన్ని ఇంజను దింపి, డ్రైవర్లు డ్యూటీకి సంతకం పెట్టే క్రూ లాబీలో రిజిస్టరు దగ్గర కూర్చోబెట్టారు.

ఇంట్లో మాట పోయింది. నిద్ర పోయింది. గుడివాడలో మాత్రలిచ్చారు, విజయవాడలో మార్చి ఇచ్చారు. ప్రార్థన చేయించారు. ఏది చేసినా ఆ మనిషి గాజు గోడ అవతల ఉన్నట్టే ఉన్నాడు.

విశాఖలో మొదటి మోతాదు తీసుకున్న మర్నాడు, తిరుగు రైల్లో, అతను కిటికీ పక్కన కూర్చుని భార్య చెయ్యి పట్టుకున్నాడు. తుని దాకా ఏడుస్తూనే ఉన్నాడు. అది కొత్త ఏడుపు. చాలాకాలంగా లోపల పట్టిన చీము బయటికి వస్తున్నట్టు. సామర్లకోటలో టీ తాగాడు. “చక్కెర ఎక్కువైంది,” అన్నాడు. ఆ చిన్న మాటకే షీబా పైట నోటికి అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. భర్త రుచి చెప్పి ఏడాది దాటింది.

గాయం తెరిచారు. కుట్టాల్సిన రోజు రాకముందే ఆస్పత్రికి తాళం పడింది. ఇప్పుడు అన్నీ బయటే ఉన్నాయి, మూసేవాళ్లు లేరు.

“ఇవన్నీ నాకెందుకు చెప్పలేదే?” అంది వెంకాయమ్మ. “నడుం నొప్పన్నావు. నేనో పిచ్చిదాన్ని, కొబ్బరినూనెలో కర్పూరం వేసి పంపించాను.”

బీరువా మీద ఆ నూనె సీసా మూత తియ్యకుండా అలాగే ఉంది.

* * *

పదకొండు గంటల వేళ, విశాఖలో మందిచ్చిన డాక్టర్ భానుమతి ఫోన్ చేసింది. నిధులు ఆగినా ఆవిడ రోజూ ఫోన్ చేస్తూనే ఉంది. షీబా స్పీకర్లో పెట్టింది.

“పూర్తిగా రద్దు చెయ్యలేదమ్మా. ఆపి ఉంచారు. మందు గదికి సీలు వేశారు, నా చేతుల్లో ఏమీ లేదు. మళ్లీ మొదలుపెట్టాలో వద్దో తేల్చడానికి విజయవాడలో కమిటీ కూర్చుంటుందట. మందు తీసుకున్నవాళ్ల మాట కూడా వింటామంటున్నారు. నేను ఎవరినీ బలవంతపెట్టను. పేరు బయటికి పొక్కదని మాత్రం మాటివ్వలేను.”

“పేరు పొక్కితే ఆయన్ని ఇంకెప్పుడూ ఇంజను ఎక్కనివ్వరండి,” అంది షీబా.

“తెలుసమ్మా. అందుకే మీరే ఆలోచించుకోవాలి. ఆయన్ని ఒంటరిగా మాత్రం ఉంచకండి.”

ఫోను పెట్టేశాక వంటింట్లో పొయ్యి మీద పాలు పొంగాయి. షీబా పరుగెత్తి ఆపింది. వెనకాలే వచ్చిన రాజ్‌కుమార్ గుడ్డ అందుకుని గట్టు తుడవబోయాడు. ఆమె లాక్కుంది.

“నేను వెనక్కి తీసుకుంటాను వదినా. తప్పు రాశానని చెబుతాను.”

“ఏది తప్పని చెబుతావు? ఆ పిల్ల చచ్చిపోవడం తప్పని చెబుతావా?”

“మరేం చెయ్యమంటావు?”

“నాకేం తెలుసు? నాకు తెలిస్తే నీతో ఎందుకు పోట్లాడతాను?” అని షీబా గట్టుకి జారగిలబడి ఏడ్చింది. రాజ్‌కుమార్ నిలబడి చూశాడు. ఓదార్చే చొరవ నిన్నటితో పోయింది.

“రాజూ.”

ఇద్దరూ తలెత్తారు. వంటింటి గుమ్మం పట్టుకుని శామ్యూల్ రాజ్ నిలబడి ఉన్నాడు. గడ్డం మాసిపోయి, లుంగీ నలిగి, కళ్ల కింద నల్లగా.

“కెమెరా తెచ్చావా?”

“అన్నయ్యా...”

“తెచ్చావా?”

“ఫోన్లోనే తీస్తాను.”

“అయితే తియ్యి. నేను మాట్లాడతాను.”

షీబా కళ్లు తుడుచుకుని మధ్యకి వచ్చింది. “వద్దండీ. మీకు దణ్ణం పెడతాను. ఇంత బతుకూ ఆ ఉద్యోగం మీదే ఉంది. కావాలంటే కమిటీకి చెబుదురుగాని, తలుపులేసుకుని చెబుదురుగాని.”

“కమిటీలో నలుగురుంటారు షీబా. వీడి మాట విని నవ్వుకున్నవాళ్లు ఎంతమంది? వీడే కదా వాళ్లకి చెప్పింది. నా మాటా వీడే చెప్పాలి.”

“ఇంజను?”

అతను ఆమె ముఖంలోకి చూశాడు. “మనసులో ఇంజను ఎప్పుడో దిగిపోయాను. నీకు చెప్పలేదంతే.”

* * *

ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఫోను నిలబెట్టడానికి ఏదీ దొరక్క, వెంకాయమ్మ తన బైబిలు ఇచ్చింది. దానికి ఆనించబోయి రాజ్‌కుమార్ ఆగాడు. “పర్లేదు పెట్టు,” అందావిడ.

“నా పేరు శామ్యూల్ రాజ్,” అని మొదలుపెట్టాడు. “రైలు నడిపేవాణ్ణి.”

కుర్చీలో కాస్త ముందుకి జరిగి మళ్లీ అందుకున్నాడు.

“ఆ పొద్దున మంచు బాగా దిగింది. ఆవిడ చేలోంచి కట్టెక్కి పట్టాల మీదకొచ్చింది. చంకలో పాప. హారన్ కొట్టాను. బ్రేకు వేశాను. రైలు వేసినచోట ఆగదండీ. ఆవిడ తలెత్తి నన్ను చూసింది. తప్పుకుందామనుకుని తప్పుకోలేకపోయిందా, తప్పుకోకూడదనే వచ్చిందా? ఏడాది నుంచి నాకు ఇదొక్కటే. అన్నం ముద్ద ఎత్తితే ఇదే. నా భార్య పిలిస్తే ఇదే. ఎవర్నడగను? ఆవిడ పుట్టిల్లు దివిసీమ అని మాత్రం కాగితాల్లో చూశాను.”

“మందు వేసుకున్నాక ఏం కనపడింది?” అన్నాడు రాజ్‌కుమార్. ఆ గొంతు విలేకరిదో తమ్ముడిదో షీబాకి తెలియలేదు.

“రంగులూ దేవుళ్లూ అనుకుంటున్నారు అందరూ. అలాంటివేం కాదు. నేను ఆ పట్టాల దగ్గరే ఉన్నాను. ఇంజన్లో కాదు, కింద, ఆవిడ పక్కన. మంచు ముఖానికి తగులుతోంది. పాప నిద్రపోతోంది. అంతవరకు ఆవిడ కళ్లు తప్ప నాకేమీ గుర్తులేదు. అప్పుడు ముఖమంతా చూశాను. చిన్నపిల్ల అండీ ఆవిడే. అడుగుదామని నోరు తెరిచాను. అంతలో తెల్లారిపోయినట్టు మందు దిగిపోయింది. రెండోసారి వచ్చినప్పుడు అడగొచ్చు, తొందరలేదు అన్నారు డాక్టరమ్మ.”

వెంకాయమ్మ గోడకి ఆనుకుని నేల మీద కూలబడింది. కొడుకు ఇంతకాలం ఏం మోస్తున్నాడో ఆవిడకి ఇప్పుడే తెలిసింది.

రాజ్‌కుమార్ ఫోను సరిచేసి మళ్లీ అడిగాడు. “ఒకటి అడగాలి. అడక్కపోతే నేను అబద్ధం చెప్పినట్టవుతుంది. ఈ డబ్బుతో పాము కాటుకి మందు కొంటే కొంతమంది పిల్లలు బతుకుతారు కదా. దానికేమంటావు?”

“రాజూ!” అని షీబా లేచింది. శామ్యూల్ రాజ్ ఆమెని చెయ్యెత్తి ఆపాడు.

పక్కింట్లో కుక్కర్ కూసింది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

“కొనండి,” అన్నాడతను. “ముందు అదే కొనండి. ఆ పిల్ల బతుకుతుందంటే నాది ఆపెయ్యండి, నేనేమీ అనను. కానీ తమ్ముడూ, ఆ పిల్లనీ నన్నూ ఒకే తక్కెడలో ఎందుకు పెట్టావురా? మేమిద్దరం పోటీకి రాలేదే. ఆ తండ్రికీ నాకూ ఒకటే జబ్బు. ఆయనకి ఇవాళ మొదలైంది. ఇంకో ఏడాదికి ఆయన నాలా అవుతాడు. అప్పుడు ఆయన్ని ఎక్కడికి తీసుకెళ్తావు?”

రాజ్‌కుమార్ చెయ్యి చాపి ఫోను ఆపేశాడు. ఆపిన చెయ్యి కాసేపు బైబిలు మీదే ఉండిపోయింది.

“నేనిది వెయ్యను అన్నయ్యా. నా వల్ల కాదు.”

శామ్యూల్ రాజ్ ఆ మాట విన్నాడో లేదో. కుర్చీలోంచి లేచి భార్య వైపు తిరిగాడు. “ఆకలేస్తోంది. అన్నం ఉందా?”

షీబా వంటింట్లోకి వెళ్లి కంచంలో అన్నం పెట్టింది, పప్పుచారు పోసింది, ఆవకాయ వేసింది. మొన్నటి నుంచి ఆ ఇంట్లో అన్నం వండడం, చల్లారాక పారబొయ్యడం జరుగుతోంది. శామ్యూల్ రాజ్ అక్కడే కింద కూర్చుని కలుపుకుని తిన్నాడు. తల్లి పక్కన కూర్చుని, చిన్నప్పటిలా, అతని కంచం వైపే చూస్తూ ఉంది.

షీబా ముందు గదిలోకి వచ్చింది.

“వెయ్యి రాజూ,” అంది.

“వదినా, పొద్దున నువ్వే...”

“పొద్దున నేనే వద్దన్నాను. ఇప్పుడు నేనే అంటున్నాను. ఒక్క ముక్క కొయ్యకుండా వెయ్యి. నువ్వడిగిన ఆ ప్రశ్న కూడా ఉంచు.”

* * *

ఉద్యోగం సంగతి సాయంత్రానికి తేలింది. క్రూ లాబీ నుంచి సూపర్‌వైజరు వీరాంజనేయులు ఫోన్ చేశాడు. మంచివాడు, శామ్యూల్‌ని బావా అని పిలిచేవాడు.

“చెల్లెమ్మా, వీడియో చూశాను. ఏడుపొచ్చింది. రేపు మాత్రం బావని రైల్వే డాక్టరు ముందు హాజరుపరచమని పైనుంచి ఆర్డరొచ్చింది. ఇంజను డ్యూటీకి పనికిరాడని రాసేస్తారు. నేనేమీ చెయ్యలేను.”

“సరేనండి అన్నయ్యగారూ,” అంది షీబా. ఇంత నెమ్మదిగా ఆ మాట అనగలనని ఆమెకే తెలియదు.

శామ్యూల్ రాజ్ నిద్రపోతున్నాడు. అన్నం తిన్నవాడు అలాగే చాప మీద ఒరిగిపోయాడు. వెంకాయమ్మ అతని అరికాళ్లకి కొబ్బరినూనె రాస్తోంది. రాజ్‌కుమార్ వెళ్లలేదు. అరుగు మీద కూర్చుని కామెంట్లు చదువుతున్నాడు. కొందరు తిడుతున్నారు, కొందరు దణ్ణాలు పెడుతున్నారు. ఒకాయన మాత్రం తన ఊరి పేరు రాసి, ‘మా నాన్నకి కూడా’ అని రాసి వదిలేశాడు.

షీబా ఫోను మళ్లీ మోగింది. తెలియని నంబరు. ఇంకెవరో తిట్టడానికి చేశారనుకుని కట్ చెయ్యబోయి, ఎందుకో ఎత్తింది.

“అమ్మా... శామ్యూల్ రాజ్ గారిల్లేనా?” పెద్దావిడ గొంతు. వెనక ఎక్కడో మోటారు బోటు చప్పుడు.

“మీరెవరండీ?”

“నాగాయలంక నుంచమ్మా. సత్యవతమ్మని. గుడివాడ స్టేషనుకి చేసి అడిగితే ఈ నంబరిచ్చారు. ఆయన చెప్పిన పిల్ల... చంకలో పాపతో... అది మా అమ్మాయి.”

షీబా ముఖం చూసి రాజ్‌కుమార్ అరుగు మీంచి లేచాడు.

“తిట్టడానికి చెయ్యలేదమ్మా,” అంది అవతలి గొంతు. “ఆ పొద్దున బయల్దేరే ముందు మా పిల్ల నాతో ఫోన్లో మాట్లాడింది. ఏం మాట్లాడిందో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, పోలీసులకి కూడా చెప్పలేదు. ఆయనకి చెప్పాలి. ఆయనకే చెప్పాలి. ఒక్కసారి ఇవ్వగలవా?”

“నాకు చెప్పండమ్మా ముందు,” అంది షీబా. “ఆయన ఆరోగ్యం బాగాలేదు. ఆ మాట మంచిదో చెడ్డదో... అదైనా చెప్పండి.”

సత్యవతమ్మ జవాబు చెప్పలేదు. ఏడవనూ లేదు.

“డాక్టరమ్మనడిగి రేపు చేస్తానండీ,” అంది షీబా గబగబా. “రేపు తప్పకుండా...”

“ఎవరు షీబా?”

చాప మీద శామ్యూల్ రాజ్ లేచి కూర్చున్నాడు. నిద్ర కళ్లతో భార్య ముఖం చూశాడు, ఆ తర్వాత ఆమె చేతిలో ఫోను చూశాడు. ఆమె చెప్పకపోయినా అతనికి ఏదో అందింది. తల్లి చేతిలోంచి కాలు వెనక్కి తీసుకుని, మెల్లగా చెయ్యి చాపాడు.

“ఇలా ఇవ్వు.”